రిసీవర్‌లో పద్నాలుగు మోడ్‌లున్నాయి, మేము వినేది పాటలే: ఏది పెట్టాలి?

మూడో అంతస్తు

నమస్కారం. మాది హిందూపురం. ముప్పై ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం, ఇప్పుడు జయనగర్‌లో. బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేసి రెండేళ్ల కిందట పదవీ విరమణ చేశాను. కరెంటు సామాను గురించి నాకు తెలిసింది ఫ్యూజు తీగ మార్చడం వరకే. అది దృష్టిలో పెట్టుకుని జవాబు ఇవ్వండి.

మా అబ్బాయి స్నేహితుడు ఊరు మారుతూ తన హోం థియేటర్‌ను మా ఇంట్లో దించి వెళ్లాడు. 2011లో కొన్న రిసీవర్, అంటే పాటను అన్ని స్పీకర్లకూ పంచే పెట్టె. ముందు రెండు స్పీకర్లు, టీవీ కింద అడ్డంగా ఒకటి, వెనక చిన్నవి రెండు, మూలన నేల మీద బరువు స్వరాలు మోగించే సబ్‌వూఫర్. సినిమాలు మేము చూసేది తక్కువ. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు పాటలు మాత్రం ఉండి తీరాలి. నాకు పాత సినిమా పాటలు, మావారికి కచేరీలు. శ్రీరామనవమికి చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో పందిరి లేచిందంటే, ఆ రోజుల్లో ఆయన రాత్రి భోజనానికి ఇంట్లో దొరకరు.

అబ్బాయి వైర్లు కలిపాడు, ఒక మోడ్ పెట్టాడు, పుణె రైలెక్కాడు. ఆ మోడ్ పేరు మల్టీ ఛానెల్ స్టీరియో. మొదటి రోజు ఇల్లంతా పాట నిండిందని సంబరపడ్డాను. మూడో రోజుకు తలనొప్పి మొదలైంది. మా సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. నేను కూర్చునే చోటికి ఎడమ వెనక స్పీకర్ రెండడుగుల దూరం. గాయకుడు ఎదురుగా కూర్చుని పాడాల్సింది పోయి, నా చెవిలో చాడీలు చెబుతున్నట్టు ఉంది.

సరే, ఇంకొకటి పెడదామని రిమోట్ పట్టుకున్నాను. నోట్లు లెక్కపెట్టిన వేళ్లు ఊరుకోవు కదా, మోడ్‌లు లెక్కపెట్టాను: 14. స్టీరియో, డైరెక్ట్, ప్యూర్ డైరెక్ట్, ప్రో లాజిక్ టూ సినిమా, ప్రో లాజిక్ టూ మ్యూజిక్, నియో సిక్స్ సినిమా, నియో సిక్స్ మ్యూజిక్, రాక్ ఎరీనా, జాజ్ క్లబ్, మ్యాట్రిక్స్… జీతం చీటీలో కోతల్లాగా పేర్లు ఉన్నాయి, ఎందుకున్నాయో తెలియదు. ప్రో లాజిక్ టూ సినిమా పెట్టి ఘంటసాల పాట వేస్తే టీవీ కింది స్పీకర్ తప్ప మిగతావన్నీ మూగబోయాయి. వైర్లు ఊడాయేమోనని నేల మీద మోకాళ్లూని ఒక్కొక్కటీ లాగి చూశాను. ఏదీ ఊడలేదు. అదే మోడ్‌లో కొత్త పాట వేస్తే అన్నీ శుభ్రంగా మోగాయి. ఇంకో పాత పాట వేస్తే గొంతు నా వీపు వెనక నుంచి వచ్చింది, తబలా ముందు నుంచి వచ్చింది. ఇవన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాటలే.

మావారు జాజ్ క్లబ్ పెట్టమంటారు. హాల్లో కూర్చున్నట్టు ఉంటుందట. నాకైతే స్నానాలగదిలో కూర్చున్నట్టు ఉంది. ఈ విషయంగా వారం రోజులుగా మా ఇంట్లో మాటలు కొంచెం పొదుపుగా నడుస్తున్నాయి.

పాటలకు ఏ మోడ్ సరైనది? ఒక్కటే చెప్పండి, రాసి పెట్టుకుంటాను.

రెండు స్పీకర్ల మనిషి

స్టీరియో. అంతే.

1978 నుంచి వింటున్నాను. దేవుడు రెండు చెవులిచ్చాడు, రికార్డింగ్ కంపెనీ రెండు ఛానెళ్లు ఇచ్చింది, లెక్క సరిపోయింది. ప్యూర్ డైరెక్ట్ ఉందన్నారు కదా, అది నొక్కండి. రిసీవర్ తన డిస్‌ప్లే దీపం కూడా ఆర్పేసుకుని బుద్ధిగా పాటను మాత్రమే అందిస్తుంది. వెనక స్పీకర్లు రెండూ ఊడదీసి అటక మీద పెట్టండి. తర్వాత రిమోట్‌ను మీవారికి అందకుండా దాచండి.

తొప్పి రవ్వ

అమ్మా, పైన పెద్దాయన చెప్పింది సగం వరకు నిజం. మిగతా సగం నేను చెబుతాను. ఆరేళ్లు మృదంగం నేర్చుకుని, అది వదిలేసి, ఆ కసి అంతా రిసీవర్ల మీద తీర్చుకుంటున్నవాడిని. కొంచెం పొడుగవుతుంది.

మోడ్‌ల జోలికి పోకముందు ఒక పని చేయండి. అది వాడిన రిసీవర్. ఒక్కో స్పీకర్ వినేవాళ్లకు ఎంత దూరంలో ఉందో అందులో రాసి ఉంటుంది, కానీ ఆ కొలతలు పాత యజమాని ఇంటివి. మీ అబ్బాయి వాటిని మార్చి ఉండడని నా అనుమానం. టేపుతో మీరు కూర్చునే చోటి నుంచి కొలిచి, సెటప్ మెనూలో దూరాలు మార్చండి. ఎందుకంటే, ధ్వని మీటరు దూరం రావడానికి సెకనులో వెయ్యోవంతులు మూడు పడుతుంది. ముందు స్పీకర్ తొమ్మిది అడుగుల్లో, వెనకది రెండు అడుగుల్లో ఉంటే, వెనక శబ్దం దాదాపు వెయ్యోవంతులు ఆరు ముందే మీ చెవికి చేరుతుంది. చెవి ఎప్పుడూ మొదట వచ్చినవాడి మాటే నమ్ముతుంది. 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు ఈ సంగతి మీదే తన సిద్ధాంత గ్రంథం రాశాడు, దీన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. దూరం సరిగ్గా రాస్తే దగ్గరి స్పీకర్‌ను రిసీవరే ఆ కాస్త ఆలస్యం చేయిస్తుంది. అదే మెనూలో టెస్ట్ టోన్ ఉంటుంది, జోరున వాన పడుతున్నట్టు హోరు వస్తుంది. అన్ని స్పీకర్ల నుంచీ ఆ వాన మీ చెవికి ఒకే స్థాయిలో వినిపించేలా సర్దండి. మీ దగ్గరున్న ఎడమ వెనకదాన్ని చాలానే తగ్గించాల్సి వస్తుంది.

ఇక ఘంటసాల పాట. మీ రిసీవర్‌కు ఏ రోగమూ లేదు. మీ బ్యాంకు భాషలోనే చెబుతాను. ఎడమ ఛానెల్ ఒక ఖాతా, కుడి ఛానెల్ ఇంకొక ఖాతా. ప్రో లాజిక్ పని రెండు ఖాతాలనూ పక్కపక్కన పెట్టి చూడటం. రెండింట్లో ఒకేలా ఉన్న మొత్తాన్ని మధ్య స్పీకర్‌కు పంపుతుంది, తేడాను వెనక్కి పంపుతుంది. ఘంటసాల 1974లో పోయారు. ఆయన సినిమా పాటలు మనకు దొరికేవి దాదాపు అన్నీ మోనో, అంటే ఒకే ఛానెల్‌లో రికార్డు చేసినవి. రెండు ఖాతాల్లో పైసాతో సహా ఒకే అంకె, కనుక తేడా సున్నా. వెనక స్పీకర్లకు పంపడానికి ఏమీ మిగలదు, అంతా మధ్యకే పోతుంది. అలాంటి పాటలకు స్టీరియో పెట్టండి. ముందు రెండు స్పీకర్లూ సమానంగా మోగుతాయి, గొంతు సరిగ్గా వాటి నడుమ నిలుస్తుంది.

వీపు వెనక నుంచి వచ్చిన గొంతు సంగతి వేరు. అది మోనో పాటకు స్టీరియో వేషం వేసిన ఫైలు అయి ఉంటుంది. ఒకప్పుడు పాత మోనో రికార్డులను మళ్లీ అమ్మేటప్పుడు ఒక పక్కకు బరువు స్వరాలు, మరో పక్కకు సన్న స్వరాలు పంపి, ఒకదాన్ని కొంచెం జరిపి, స్టీరియో అని అట్ట మీద అచ్చు వేసేవారు. అలా జరిపినప్పుడు ఒక ఖాతాలో జమ పడింది ఇంకో ఖాతాలో ఖర్చుగా పడినట్టవుతుంది. కూడితే సున్నా, తీసివేస్తే రెట్టింపు! ప్రో లాజిక్ దాన్ని తేడా అనుకుని వెనక్కి తోసేస్తుంది. మీరు స్పీకర్ వైర్లు ఎన్నిసార్లు తిరగేసినా ఇది పోదు, లోపం ఫైలులోనే ఉంది. దానికీ స్టీరియోనే గతి. ఇంకో చోట మంచి ప్రతి దొరికితే అది తెచ్చుకోవడం ఉత్తమం.

అయితే అన్నిటికీ స్టీరియో చాలదా అంటే, ఇక్కడే పెద్దాయనతో నాకు పేచీ. సరిగ్గా స్టీరియోలో రికార్డు చేసిన కచేరీని ఒక్కసారి ప్రో లాజిక్ టూ మ్యూజిక్‌లో వినండి. సినిమా అని ఉన్నది వద్దు. సినిమా మోడ్ మాటలు తెరకు అతుక్కోవాలని గొంతును మధ్య స్పీకర్లో గట్టిగా బిగిస్తుంది. 2000లో డాల్బీ ఈ టూ రకాన్ని తెచ్చినప్పుడు సంగీతానికి విడిగా ఒక దారి పెట్టి, మూడు మీటలు ఇచ్చింది. సెంటర్ విడ్త్ అనేది గొంతు ఎంత మధ్యలో ఉండాలి, ఎంత పక్కలకు పరుచుకోవాలి అని. 0 పెడితే అంతా మధ్య స్పీకరే, 7 పెడితే మధ్యది ఖాళీ. 3తో మొదలుపెట్టండి. డైమెన్షన్ అనేది మొత్తం శబ్దాన్ని ముందుకో వెనక్కో జరపడానికి; దాన్ని నడిమి అంకె మీద వదిలేయండి. పనోరమా మూసి ఉంచండి, అది వింతకే.

కచేరీలో హాలు గాలి, జనం చప్పట్లు రెండు ఛానెళ్లలో ఒకేలా ఉండవు. అవి తేడాగా తేలి వెనక్కి వెళ్తాయి. అవి ఉండాల్సిన చోటూ అదే. గాయకుడు మధ్యలో ఉంటాడు, వయొలిన్ ఒక పక్క, మృదంగం ఇంకో పక్క. మల్టీ ఛానెల్ స్టీరియో అయితే ఎడమన ఉన్నదాన్ని ఎడమ వెనక కూడా అచ్చు గుద్దుతుంది, మృదంగం కాస్తా మీ భుజం మీదికి ఎక్కుతుంది.

జాజ్ క్లబ్ గురించి మీవారికి నా మనవి. అలాంటి మోడ్‌లకు ఒక గౌరవమైన పుట్టుక ఉంది. 1986లో యమహా డీఎస్పీ-1 అనే పెట్టె తెచ్చినప్పుడు అసలైన హాళ్లలో కొలిచిన ప్రతిధ్వనుల్ని అందులో నింపింది. కానీ కచేరీ రికార్డింగ్‌లో ఆ హాలు ప్రతిధ్వని ముందే ఉంటుంది. దాని మీద ఇంకో హాలు పొయ్యడం పులిహోరకు రెండోసారి పోపు పెట్టడమే. పైగా ఆయన ఇష్టంగా వినేది ఫోర్ట్ హైస్కూల్ పందిరి కింద అన్నారు. అక్కడ చుట్టూ గోడలెక్కడివి, ప్రతిధ్వని ఎక్కడిది? ఆయనకు కావాల్సింది జనం మధ్య కూర్చున్న భావన అనుకుంటాను. అది ఇందులో దొరకదు.

ఇంకో ముక్క. ప్యూర్ డైరెక్ట్ కొన్ని రిసీవర్లలో సబ్‌వూఫర్ నోరు కూడా నొక్కేస్తుంది. మీ ముందు స్పీకర్లు చిన్నవైతే తొప్పి నాదం, అంటే మృదంగం ఎడమ వైపు పలికే బరువు నాదం, మాయమవుతుంది. గురువుగారి చేత మొట్టికాయలు తిని తొప్పికి రవ్వముద్ద అద్దడం నేర్చుకున్నది ఆ నాదం కోసమే, కనుక ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. ఆ మోడ్‌లో సబ్‌వూఫర్ మూగబోతే మామూలు స్టీరియో వాడండి.

సోఫాను గోడ నుంచి రెండడుగులైనా ముందుకు లాగగలరా?

వంటింటి శ్రోత

మల్టీ ఛానెల్ స్టీరియోను అందరూ కలిసి తిడుతున్నారు కనుక దాని తరఫున ఒక మాట. నేను మారతహళ్లిలో ఉంటాను. పాట వినేటప్పుడు సోఫాలో కూర్చునే భాగ్యం నాకు ఆదివారమే. మిగతా రోజులు వంటింట్లో ఉంటాను, లేదా బట్టలు మడతపెడుతూ గదులు తిరుగుతుంటాను. స్టీరియో పెడితే గుమ్మం దాటగానే ఒక పక్క వాద్యాలే వినిపిస్తాయి. మల్టీ ఛానెల్ పెడితే ఎక్కడున్నా పాట మొత్తం వస్తుంది, శబ్దం మరీ పెంచనక్కరలేదు. మీ తలనొప్పి ఆ మోడ్‌ది కాదు, దాన్ని కదలకుండా కూర్చుని విన్నందుకు వచ్చింది.

మూడో అంతస్తు

అందరికీ ధన్యవాదాలు. మూడు రోజులు ప్రయోగాలు చేశాను, నివేదిక ఇస్తున్నాను.

తొప్పి రవ్వ గారూ, మీ అనుమానం నిజం. మెనూలో ముందు స్పీకర్లకు పది అడుగులు, వెనక వాటికి తొమ్మిది అని ఉంది. వెనక స్పీకర్ల శబ్దం నాలుగు డెసిబెళ్లు పెంచి కూడా ఉంది. ఆ అబ్బాయి హాలు ఎంత పెద్దదో! మా హాలు మొత్తం పొడవే పద్నాలుగు అడుగులు. మావారు టేపు పట్టుకున్నారు, నేను అంకెలు రాశాను. వారం తర్వాత ఇద్దరం కలిసి చేసిన మొదటి పని అది.

సోఫాను రెండున్నర అడుగులు ముందుకు లాగాం. బాల్కనీలోకి దారి ఇరుకైందని ఆయన సణిగారు గానీ, సోఫా వెనక ఊడ్చడం తేలికైందని పనిమనిషి మెచ్చుకుంది. నున్నటి టైల్స్ నేల కదా, అమ్మ ఇచ్చిన జంబుఖానా అటక మీద నుంచి దించి టీవీకీ సోఫాకీ నడుమ పరిచాను. ఇది ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది. గొంతులో ఉన్న గరగర కొంత తగ్గింది. నిజంగా తగ్గిందో, అమ్మ జంబుఖానా కావడం వల్ల అలా అనిపించిందో చెప్పలేను.

ఘంటసాలకు స్టీరియో పెట్టాను. ఇన్నాళ్లు ఎందుకు ఇబ్బంది పడ్డానో అనిపించింది. కళ్లు మూసుకుంటే ఆయన సరిగ్గా టీవీ ఉన్న చోట కూర్చుని ఉన్నారు.

తర్వాత బాలమురళీకృష్ణ కచేరీ రికార్డింగ్ ఒకటి, మీరు చెప్పిన మ్యూజిక్ మోడ్‌లో. మొదట సెంటర్ విడ్త్ 3 పెట్టాను. గొంతు టీవీ కింది స్పీకర్లోంచి రావడం వల్ల ఆయన నేల మీద పడుకుని పాడుతున్నట్టు ఉంది. 5కి పెంచాను, లేచి కూర్చున్నారు. 6 దగ్గర ఆపాను. ఒక కీర్తన పూర్తయ్యాక వెనక నుంచి చప్పట్లు వచ్చాయి. మావారు నిజంగానే తల తిప్పి చూశారు! చూసి, చూడనట్టు కాఫీ గ్లాసు తీసుకున్నారు. జాజ్ క్లబ్ ఊసు తర్వాత ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు.

వంటింటి శ్రోత గారూ, మీ మాట పాటించాను. ఉదయం దోసెలు పోసేటప్పుడు మల్టీ ఛానెలే.

ఒక్క అనుమానం మిగిలింది. కొన్ని 1980ల పాటలు మ్యూజిక్ మోడ్‌లో పెడితే వెనక స్పీకర్లలో నీళ్లలో చేయి ఆడిస్తున్నట్టు ఒక గలగల వస్తుంది. స్టీరియోలో రాదు. స్పీకర్ పాడైందా?

తొప్పి రవ్వ

మీవారు తల తిప్పారని చదివి ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

ఆ గలగల స్పీకర్‌ది కాదు. ఆ పాటలు ఎక్కడివి? ఒక్క సీడీలో నూట యాభై పాటలు అని ఫుట్‌పాత్ మీద అమ్మేవారు, అలాంటి ఎంపీత్రీలా?

మూడో అంతస్తు

అవును! మెజెస్టిక్ బస్టాండు దగ్గర కొన్నాను. మీరు అడిగారని లెక్క కట్టాను. 700 ఎంబీ సీడీలో 150 పాటలంటే పాటకు నాలుగున్నర ఎంబీ పైచిలుకు.

తొప్పి రవ్వ

అయిదు నిమిషాల పాట అనుకుంటే నిమిషానికి ఒక ఎంబీ కూడా పడలేదు, అంటే సెకనుకు 128 కిలోబిట్ల దగ్గర. అంత చిన్నగా కుదించేటప్పుడు, పెద్ద శబ్దం చాటున చెవికి అందవని లెక్కవేసిన చిన్న శబ్దాల్లో పొదుపు చేస్తారు. రెండు ఛానెళ్ల తేడాలోనూ కోత పడుతుంది. స్టీరియోలో గొంతు ఆ గాయాల్ని కప్పేస్తుంది. మీరేమో గొంతును ముందుకు పంపి, తేడాను మాత్రం విడదీసి చెవి పక్కన మోగిస్తున్నారు. కప్పుకున్న దుప్పటి లాగేసినట్టు గాయాలన్నీ బయటపడతాయి. ఆ సీడీ పాటలు స్టీరియోలోనే వినండి. అదే పాట మామూలు ఆడియో సీడీలో దొరికితే మ్యూజిక్ మోడ్‌లో మళ్లీ పెట్టి చూడండి.

రెండు స్పీకర్ల మనిషి

చప్పట్ల సంగతి చదివాక ఒక పాత నేరం ఒప్పుకోవాల్సి వస్తోంది.

1982లో ఎస్పీ రోడ్డులో పాత స్పీకర్ ఒకటి కొన్నాను. అప్పట్లో డేవిడ్ హాఫ్లర్ అనే అమెరికన్ చెప్పిన కిటుకు ఒకటి ఎలక్ట్రానిక్స్ పిచ్చివాళ్ల నోళ్లలో తిరుగుతుండేది. ఆ మూడో స్పీకర్‌కు మామూలుగా వైర్లు ఇవ్వకుండా, యాంప్లిఫయర్ ఎడమ పాజిటివ్‌కు ఒకటి, కుడి పాజిటివ్‌కు ఒకటి తగిలించి, గది వెనక పెట్టాలి. రెండు పక్కలా ఒకేలా ఉన్న గొంతు అందులో రద్దయిపోతుంది, తేడా ఒక్కటే మోగుతుంది. పైన కుర్రవాడు చెప్పిన ఖాతాల లెక్క రెండు ముక్కల వైరుతో అయిపోయేది. చిప్పు లేదు, మోడ్ లేదు. నా మొదటి కచేరీ రికార్డు అలా విన్నప్పుడు నేనూ తల తిప్పాను. తర్వాత పెళ్లయింది, గది చిన్నదైంది, మూడో స్పీకర్ పోయింది, సిద్ధాంతం మాత్రం మిగిలింది.

ఇప్పటి యాంప్లిఫయర్లతో ఎవరూ ఇది చేయకండి. కొన్నింటిలో నెగెటివ్‌లు లోపల కలిసి ఉండవు, పొగ వస్తుంది.

అమ్మా, వెనక స్పీకర్లు అటక మీదికి ఎక్కించారా?

మూడో అంతస్తు

ఎక్కించలేదండీ. అటక మీద జంబుఖానా ఖాళీ చేసిన చోటు ఉంది గానీ, మావారు ఒప్పుకోరు.

ఒక్కటే మోడ్ చెప్పమని అడిగాను కదా, చివరికి రిమోట్ వెనక అంటించిన చీటీలో మూడు వరుసలు పడ్డాయి. పాత పాటలు, ఫుట్‌పాత్ సీడీ: స్టీరియో. కచేరీ: మ్యూజిక్, విడ్త్ 6. దోసెలు: మల్టీ. ఈ రోజు చూస్తే కింద మావారి చేతిరాతతో నాలుగో వరుస ఉంది: ‘వార్తలు: ఏది పెట్టినా ఒకటే, కట్టేయడం మేలు.’